ఇంటి నుంచి వెళ్ళిన ఉత్తరాలు

అమెరికాలోని గెటిస్‌బర్గ్ వెళ్ళేవాళ్ళు ముందుగా చూసేది అంతర్యుద్ధంలో పోరు జరిగిన గుట్టలూ పొలాలే. మేం మాత్రం ఊళ్ళోకి, స్ట్రాటన్ వీధిలో ఉన్న ఫైర్ స్టేషన్ దగ్గరికి వెళ్ళాం. అక్కడ ఏమస్ హమిస్టన్ అనే సార్జెంట్ స్మారకం ఉంది. న్యూయార్క్ 154వ రెజిమెంట్‌లో పనిచేసిన ఆయన 1863 జులై 1న ఆ దరిదాపుల్లోనే చనిపోయాడు. శవం దొరికినప్పుడు ఒంటిమీద పేరు తెలిపే ఆధారం ఏదీ లేదు. చేతిలో ముగ్గురు పిల్లల ఫొటో ఒకటి ఉంది.

అమెరికా అంతర్యుద్ధంలో సైనికులకు ప్రభుత్వం గుర్తింపు బిళ్ళలు ఇవ్వలేదు. ఆ పిల్లలు ఎవరో తెలుసుకోవడానికి ఫిలడెల్ఫియా పత్రిక ఒకటి అక్టోబర్ 19న కథనం వేసింది. అప్పట్లో పత్రికల్లో ఫొటోలు అచ్చువేసే వీలు లేదు కాబట్టి చూసింది చూసినట్టు మాటల్లో రాశారు: పిల్లల వయసులు, ఎవరు ఎక్కడ కూర్చున్నారో, పెద్దబ్బాయి చొక్కా, చెల్లెలి గౌను ఒకే గుడ్డతో కుట్టినవని. న్యూయార్క్ రాష్ట్రంలోని పోర్ట్‌విల్‌లో ఉన్న ఫిలిండా హమిస్టన్‌కు ఆ వర్ణన మరో పత్రిక ద్వారా చేరింది. అలాంటి ఫొటో తాను భర్తకు పంపానని ఆమె కబురు పెట్టింది. ఫొటో నకలు ఇంటికి వచ్చాక, తాను విధవనయ్యానని ఆమెకు రూఢిగా తెలిసింది.

ఆ ఫొటో అందినప్పుడు హమిస్టన్ ఎంత సంతోషించాడో మే నెలలో ఆయన ఇంటికి రాసిన ఉత్తరంలో ఉంది. ఆయన ఉత్తరాలు కొన్ని మిగిలాయి. స్మారకం ముందు నిలబడి అక్కని అడిగాను, ఆవిడ రాసినవి ఏమై ఉంటాయని.

"వానలో నడిచేవాడి సంచిలో కాగితం ఎన్నాళ్ళుంటుందిరా?" అంది.

అక్క చెప్పింది నిజమే. 1861 నుంచి 1865 వరకు ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య సాగిన ఆ యుద్ధంలో రెండు పక్షాల సైనికులూ కుప్పలుతెప్పలుగా ఉత్తరాలు రాశారు. మ్యూజియంలలో, పుస్తకాల్లో మనం చదివేవి ఎక్కువగా వాళ్ళు ఇంటికి రాసినవే. భార్యలో తల్లులో వాటిని పెట్టెల్లో దాచుకున్నారు. ఇంటి నుంచి శిబిరానికి వెళ్ళినవి తడిసిపోయాయి, చిరిగిపోయాయి. శత్రువు చేతిలో పడకూడదని పోరుకు దిగే ముందు తగలబెట్టినవాళ్ళూ ఉన్నారు. ఆ రెండో వైపు గొంతు ఎక్కడైనా వినబడుతుందేమో వెతకాలన్న పట్టుదల నాకు అక్కడే మొదలైంది.

గెటిస్‌బర్గ్ జాతీయ శ్మశానంలో ఉత్తరాది సైనికులు 3,500 మందికి పైగా ఉన్నారు. వాళ్ళలో 979 మంది ఎవరో తెలియదు. ఆ భాగంలో పేర్లు లేవు, నేలమట్టానికి అంకెలు చెక్కిన చిన్న రాళ్ళు మాత్రమే వరసగా ఉన్నాయి. పొలాల్లో హడావుడిగా పూడ్చిన శవాలను తవ్వి ఇక్కడికి తెచ్చేటప్పుడు ఆ పని చూసిన శామ్యూల్ వీవర్ ప్రతి జేబూ వెతికించాడు. జేబులో ఇంటి ఉత్తరం దొరికినవాడికి పేరు దక్కింది. ఆ ఆడవాళ్ళు ఊరి కబుర్లు రాస్తున్నామనే అనుకుని ఉంటారు. నిజానికి తమవాళ్ళ సమాధి మీదికి పేరు పంపుతున్నారు.

అక్కడి నుంచి కారులో వాషింగ్టన్ వచ్చాం. యూనియన్ స్టేషన్ పక్కనే జాతీయ పోస్టల్ మ్యూజియం. యుద్ధానికీ తపాలా శాఖకూ ఇంత దగ్గర సంబంధం ఉందని నేను అనుకోలేదు. ఉత్తరాదిలో మామూలు ఉత్తరానికి 3 సెంట్ల స్టాంపు కావాలి. శిబిరంలో స్టాంపులు దొరికేవి కావు, దొరికినా చెమటకూ వానకూ అతుక్కుపోయేవి. అందుకే 1861 జులైలో చట్టం చేశారు: కవరు మీద సైనికుడి ఉత్తరమని రాయించి అధికారి సంతకం పెట్టిస్తే చాలు, డబ్బు ఇంట్లోవాళ్ళు కట్టుకోవచ్చు. 1863 జులై 1 నుంచి పెద్ద నగరాల్లో ఉత్తరాన్ని ఉచితంగా ఇంటికి తెచ్చి ఇవ్వడం మొదలైంది. అంతకుముందు చలిలో పోస్టాఫీసు ముందు వరసలో నిలబడితేనే కొడుకు బతికున్నాడో లేదో తెలిసేది. మనియార్డర్ 1864 నవంబర్‌లో వచ్చింది, జీతం డబ్బు కవర్లో పెట్టి పోగొట్టుకుంటున్న సైనికుల కోసం.

దక్షిణాది కథ వేరు. 1861 జూన్ 1 నుంచి అక్కడికి అమెరికా తపాలా ఆగిపోయింది. వాళ్ళు సొంత తపాలా శాఖ పెట్టుకున్నారు, కానీ కాగితం కరువు. వచ్చిన కవర్లనే విప్పి, లోపలి వైపు బయటికి తిప్పి మళ్ళీ వాడారు. గోడకు అంటించే పూల కాగితంతోనూ కవర్లు చేశారు. ఖైదీల ఉత్తరాలు తెల్లజెండా పడవల మీద అటూ ఇటూ మారేవి. ఒక్క పేజీయే రాయాలి, కవరు అతికించకూడదు, ఇంటి విషయాలు తప్ప మరేమీ ఉండకూడదు.

యుద్ధంలో గాయపడినవాళ్ళకు సేవచేసి, తర్వాత తప్పిపోయిన సైనికుల ఆచూకీ వెతికిన క్లారా బార్టన్ ఆఫీసు 7వ వీధిలో, మూడో అంతస్తులో ఉంది. ఈ యాత్రలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టిన చోటు అదే. 1996లో ఆ పాత భవనం కూల్చబోయే ముందు ఒక ప్రభుత్వ వడ్రంగి అటకమీద ఆమె సామాన్లు చూడకపోయి ఉంటే ఇవాళ అక్కడ ఏమీ ఉండేది కాదు. 9వ నంబరు గది తలుపుకు ఉత్తరాలు వేసే సన్నటి కంత. తప్పిపోయిన సైనికుల కోసం ఆమెకూ ఆమె సిబ్బందికీ వచ్చిన ఉత్తరాలు 63,000కు పైగా, ఆచూకీ తేలినవాళ్ళు 22,000 మంది. ఆమె పేర్ల జాబితాలు అచ్చువేయించి పోస్టాఫీసులకు పంపేది. తన పేరు ఎందుకు వేశారని కోప్పడుతూ రాసిన సైనికుడు కూడా ఉన్నాడు. బతికున్న సంగతి ఇంట్లోవాళ్ళకు చెప్పకపోవడమే నీ తప్పు అని ఆమె గట్టిగానే జవాబిచ్చింది.

నేను వెతుకుతున్న రెండో వైపు ఇక్కడ కొంత దొరికింది. ఇంటి ఆడవాళ్ళ ఉత్తరాలు సైనికుడికి వెళ్ళినచోట పోయాయి, ఆఫీసుకు వెళ్ళినచోట నిలిచాయి. జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్న విధవల, తల్లుల పింఛను ఫైళ్ళూ అంతే. కొడుకే నన్ను పోషించేవాడని రుజువు చేసుకోవడానికి, డబ్బు పంపుతున్నానని వాడు రాసిన ఉత్తరాన్నే తల్లి ప్రభుత్వానికి జతచేసేది. చాలావాటిని ఇప్పుడు కంప్యూటర్ మీద చదవొచ్చు. ఆ తల్లి తన దగ్గర మిగిలిన కొడుకు కాగితాన్ని కూడా వదులుకోవాల్సి రావడం నాకు చాలా బాధగా అనిపించింది. 1863 జులై 31న బఫలో నుంచి హన్నా జాన్సన్ అనే నల్లజాతి తల్లి నేరుగా లింకన్‌కే రాసింది. ఆమె కొడుకు మసాచుసెట్స్ 54వ రెజిమెంట్‌లో ఉన్నాడు. పట్టుబడ్డ నల్ల సైనికులను బానిసలుగా అమ్మేయకుండా చూడమని అడిగింది.

చివరికి యూ స్ట్రీట్‌లో ఉన్న ఆఫ్రికన్ అమెరికన్ సైనికుల స్మారకానికి వెళ్ళాం. 2,09,145 పేర్లు రెజిమెంట్ల వారీగా చెక్కి ఉన్నాయి. నేను 67వ రెజిమెంట్ పలకల దగ్గరికి వెళ్ళాను, స్పాట్స్‌వుడ్ రైస్ కోసం. బానిసత్వం నుంచి బయటపడి సైన్యంలో చేరిన ఆయన, 1864 సెప్టెంబర్ 3న సెయింట్ లూయిస్ దగ్గరి ఆసుపత్రి నుంచి, మిస్సోరిలో ఇంకా యజమానుల చేతిలో ఉన్న కూతుళ్ళు కోరా, మేరీలకు ఉత్తరం రాశాడు. ప్రాణం పోయినా సరే మిమ్మల్ని తెచ్చుకుంటానని మాటిచ్చాడు. మేరీ యజమానురాలికి విడిగా ఇంకో ఉత్తరం రాసి, సైన్యంతో వస్తున్నానని హెచ్చరించాడు. కోరా యజమాని అక్కడి పోస్ట్‌మాస్టర్. ఇతన్ని రాష్ట్రం దాటించండని ఫిర్యాదు చేస్తూ రెండు ఉత్తరాలనూ జనరల్‌కు పంపాడు. అలా అవి సైన్యం ఫైల్లో నిలిచిపోయాయి.

ఆ మేరీ మాటలు మనకు మిగిలాయి. 1937లో, బానిసత్వం చూసినవాళ్ళ జ్ఞాపకాలను ప్రభుత్వం సేకరిస్తున్నప్పుడు, సెయింట్ లూయిస్‌లో 85 ఏళ్ళ మేరీ బెల్ మాట్లాడింది. ఏడేళ్ళకే తనను వేరే ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనికి పెట్టారని చెప్పింది. తండ్రి గురించి చాలా చెప్పింది. నాన్న, సోదరుడు, భర్త, కొడుకు అందరూ సైన్యంలో పనిచేసినవాళ్ళేనని, తన హక్కుల కోసం పోరాడే మనిషంటే తనకు ఇష్టమని చెప్పింది.