రోజుకు నాలుగు పద్యాలు: వింటూ భాగవతం నేర్చుకోవడం

ప్రాచీన కావ్యాన్ని విని నేర్చుకుందామని మొదలుపెట్టినవాళ్లు మొదటి వారంలోనే మానేస్తున్నారంటే, చాలాసార్లు దానికి కారణం మరీ ఎక్కువ వినడమే. గంట నిడివి ఆడియో పెట్టుకుని బస్సెక్కితే పద్యాలన్నీ చెవిని తాకి వెళ్లిపోతాయి, ఒక్కటీ నిలవదు. రోజుకు నాలుగు పద్యాలు, ఇరవై నిమిషాలు చాలు. మామూలు వేగంతో చదివితే ఒక పద్యానికి అర నిమిషం పడుతుంది. మిగతా సమయమంతా మళ్లీ వినడానికీ మాటలు విడదీసుకోవడానికీ.

మొదలుపెట్టడానికి పోతన భాగవతం అష్టమ స్కంధంలోని గజేంద్రమోక్షాన్ని మించింది లేదని నా నమ్మకం. కథ అందరికీ తెలిసిందే కాబట్టి దృష్టి మొత్తం మాట మీద పెట్టవచ్చు. పద్యాలు, వచనాలు (గద్యభాగాలు) కలిపి నూటికి పైగా ఉంటాయి. రోజుకు నాలుగు చొప్పున దాదాపు నెల పడుతుంది. మధ్యలో వచ్చే వచనాలను దాటేయకండి. పొడవాటి సమాసాలకు చెవి అలవాటు పడేది అక్కడే.

ఎలాంటి ఆడియో ఎంచుకున్నారన్నదే అన్నిటికన్నా ముఖ్యం. ప్రవచనం వేరు, రాగం తీసి పాడిన పద్యం వేరు, పఠనం వేరు. ప్రవచనంలో ఒక్క పద్యం మీదే గంట గడవవచ్చు. అది ఎంతో విలువైనదే, కానీ అందులో వినిపించేది ఎక్కువగా వ్యాఖ్యాత భాష. దాన్ని ఆదివారానికి అట్టేపెట్టుకోండి. పాడిన పద్యంలో ఆలాపన కోసం అచ్చులు సాగుతాయి, మాటకూ మాటకూ మధ్య హద్దు చెరిగిపోతుంది. నేర్చుకోవడానికి కావలసింది సాదా పఠనం. ఎంచుకునే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఈ పద్యం మొదటి మూడు పాదాలు చాలు:

ఎవ్వనిచే జనించు జగమెవ్వని లోపలనుండు లీనమై
యెవ్వనియందు డిందుఁ బరమేశ్వరుఁ డెవ్వఁడు మూలకారణం
బెవ్వఁ డనాదిమధ్యలయుఁ డెవ్వఁడు సర్వముఁ దాన యైన వాఁ

ఇక్కడ 'మూలకారణంబు' రెండో పాదం చివర మొదలై మూడో పాదంలోకి దిగింది. చదివేవారు 'కారణం' దగ్గర ఊపిరి తీసుకుని 'బెవ్వడు' అని అందుకున్నారంటే, పాదం విరుపును చూస్తున్నారే తప్ప అర్థాన్ని చూడటం లేదు. అలాంటి ఆడియో వద్దు. మూడో పాదం చివరి 'వాఁ' కూడా అంతే, నాలుగో పాదం మొదట్లోని 'డెవ్వఁడు'తో కలిస్తేనే 'వాఁడు' పూర్తవుతుంది.

ఈ పద్యంలోనే చెవికి దొరికే ఆధారాలు రెండున్నాయి. ప్రతి పాదంలో రెండో అక్షరం 'వ్వ', అది ప్రాస. అది వినపడిందంటే కొత్త పాదం మొదలైనట్టే. ఇది ఉత్పలమాల అనే ఛందస్సు కనుక పదో అక్షరం దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరానికి జోడీ కుదరాల్సిన చోటు. మొదటి పాదంలో 'ఎ'కు 'జగమెవ్వని'లోని 'మె' సరిపోయింది, ఎందుకంటే అది 'జగము + ఎవ్వని'. యతి కుదిరిన చోట ఎక్కువసార్లు ఒక మాట మొదలవుతుంది, విడదీయడానికి అది దారి చూపుతుంది.

వినే పద్ధతి ఇదీ. మొదటిసారి పుస్తకం లేకుండా వినండి, అర్థం కాకపోయినా ఆపకండి. రెండోసారి పుస్తకం ఎదురుగా పెట్టుకుని పాదం పాదానికీ ఆపుతూ వినండి. ప్రతిపదార్థం ఉన్న ప్రతి కావాలి. తెలుగుభాగవతం.ఆర్గ్‌లో పద్యానికి పద్యం టీకతో సహా ఉంది, తితిదే ముద్రణలో తాత్పర్యం ఉంది. మూడోసారి పుస్తకం మూసి వినండి. ఆ తర్వాత ఒక్కసారి పైకి చదవండి. మర్నాడు కొత్త పద్యాలకు ముందు నిన్నటివి ఒకసారి వినాలి. ఇది మానేస్తే పది రోజుల్లో మొదటి పద్యాలు చెరిగిపోతాయి.

చాలామంది తడబడేది నిఘంటువు దగ్గర. విన్న మాట యథాతథంగా వెతికితే దొరకదు. 'సిరికిం జెప్పఁడు' విని 'జెప్పు' వెతికితే ఏముంటుంది? అది 'సిరికిన్ + చెప్పఁడు'. ద్రుతం, అంటే ఇలా మాట చివర వచ్చే 'న్', తర్వాత క, చ, ట, త, ప లు గ, జ, డ, ద, బ లవుతాయి. అందుకే గ, జ, డ, ద, బ లతో మొదలైన మాట దొరక్కపోతే దానికి సరిపోయే క, చ, ట, త, ప ల కింద చూడండి. ఇంకో రకం చిక్కు 'నీవే తప్ప నితఃపరం బెఱుఁగ' లాంటి చోట్ల వస్తుంది. 'నితః', 'బెఱుఁగ' అనే మాటలు లేవు. 'తప్పన్ + ఇతఃపరంబు + ఎఱుఁగన్' అని విప్పితే గజేంద్రుడి మొర ఎంత సూటిగా ఉందో తెలుస్తుంది: నువ్వు తప్ప వేరే దిక్కు ఎరగను. మొదటి వారం ఇలాంటివి రోజుకు మూడు నాలుగు రాసుకుంటే, తర్వాతర్వాత వింటుండగానే విడిపోతాయి.

ఆడియో వేగం పెంచకండి. ఒకటిన్నర రెట్లు పెడితే సంయుక్తాక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, గురులఘువుల (దీర్ఘ, హ్రస్వ అక్షరాల) నడక చెవికి అందదు. సీసపద్యం వచ్చినప్పుడు పాదం పొడవుగా ఉంటుంది కాబట్టి సగం సగంగా ఆపుకోండి. చివర తేటగీతో ఆటవెలదో, ఒక చిన్న పద్యం వస్తుంది, సీసం మొత్తానికీ ముగింపు అక్కడే ఉంటుంది కాబట్టి దాన్ని విడిగా రెండుసార్లు వినండి. నడుస్తూ వినడం పునశ్చరణకు బాగుంటుంది, కొత్త పద్యానికి మాత్రం కూర్చోవాల్సిందే.

గజేంద్రమోక్షం అయ్యాక అదే స్కంధంలో వామన చరిత్ర ఉంది. ఆపైన తిక్కన విరాటపర్వం పట్టుకోండి, సంభాషణలు ఎక్కువ, తెలుగు మాట బలంగా వినిపిస్తుంది. అక్కడ ఒక జాగ్రత్త: భారతం పద్యాలు అని వెతికితే ముందు వచ్చేది 'బావా ఎప్పుడు వచ్చితీవు' లాంటి రంగస్థల పద్యాలే. అవి తిరుపతి వేంకట కవుల నాటకంలోవి, తిక్కనవి కావు. వాటి అందం వాటిదే, కానీ కవిత్రయ భారతం కావాలంటే పర్వం, ఆశ్వాసం, పద్యం సంఖ్య చెప్పి చదివిన ఆడియోనే తీసుకోండి.