బావ తెచ్చిన పట్టర్

అమెరికా నుంచి వచ్చిన మా బావ నిన్న తన స్కాటీ కామెరాన్ కంపెనీ పట్టర్ నా చేతిలో పెట్టాడు. గోల్ఫ్ బంతిని చివర్లో గుంటలోకి నెట్టే కర్ర. 40 వేల పైమాటేనట.

22 ఏళ్లుగా ఆటోనగర్‌లో లోహాన్ని చెక్కే మిల్లింగ్ మిషన్ మీద బతుకుతున్నవాణ్ణి, చెయ్యి ముందు బంతికి తగిలే దాని ముఖం మీదికే పోయింది. 303 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, ఒకే దిమ్మె నుంచి తీసిన పని. గోరుతో గీస్తే కట్టర్ నడిచిన గీతలు సన్నగా, సమానంగా తగిలాయి. అంచుల్లో ఎక్కడా బర్, అంటే కోత తర్వాత మిగిలే గరుకు, లేదు. ఆ పనితనానికి ఆ డబ్బు ఇవ్వచ్చు, మనస్ఫూర్తిగా అంటున్నా.

కానీ బంతి గుంటలో పడటానికైతే? హాల్లో చాప పరిచి, 108 మిల్లీమీటర్ల గుంటకి సరిగ్గా సుద్దతో గుండ్రం గీసి ఆడాం. ఐదడుగుల నుంచి బావ కొట్టినవి సగం పక్కకే పోయాయి. కర్ర పొడవు తన ఎత్తుకి సరిపోతుందో లేదో కొనేటప్పుడు చూసుకోలేదట!

రేపు షెడ్డుకి తెమ్మన్నాను, కొలుద్దామని.