టైరులో మిగిలిన ముల్లు

పడుకుందామనుకున్నా గానీ బావ మీద కోపం తగ్గలా. నెల్లూరు దగ్గర నరసింహకొండ కింద సైకిలు వెనక చక్రం పంచరైంది. విప్పాడు, కొత్త ట్యూబు వేశాడు, గాలి కొట్టాడు. టైరు లోపల ఏముందో చూళ్లేదు. మలుపు దాటకముందే మళ్లీ గాలి దిగిపోయింది.

పల్లేరు కాయైతే టైరుకు అంటుకుని పైకే కనపడుతుంది. సర్కారు తుమ్మ ముల్లు అట్లా కాదు, బయట విరిగిపోయి మొన మాత్రం లోపల ఉండిపోతుంది. తీసిన ట్యూబుకు గాలి కొట్టి, చిల్లు వాల్వుకు ఎంత దూరంలో ఉందో చూసి, టైరులోనూ అంతే దూరంలో వెతకాలి. వాల్వుకు అటూ ఇటూ రెండు వైపులా చూడాలి. ఒట్టి వేళ్లతో తడిమితే వేలికే దిగుద్ది. గుడ్డ తిప్పితే ముల్లున్న చోట పట్టేస్తుంది. ఇంత చెప్తే, "చీకటి పడతాంది, వదిలెయ్" అంటాడు. చీకటి పడతాందనే కదా బావా, ఒక్కసారే సరిగ్గా చెయ్యమనేది!

పాత పంచరు షాపుల్లో ఈ తొందర ఉండేది కాదు. టబ్బు నీళ్లలో ట్యూబును కొంచెం కొంచెంగా ముంచుతూ తిప్పేవాళ్లు. బుడగ లేచిన చోట గుర్తు పెట్టి, తుడిచి, పూర్తిగా ఆరాక గరుకు కాయితంతో నునుపు పోయేదాకా రుద్దేవాళ్లు. సొల్యూషన్ ప్యాచీ కంటే కాస్త వెడల్పుగా, పలచగా పూసి ఆగేవాళ్లు. తడి మెరుపు పోయి మసకబారాకే ప్యాచీ. పచ్చిగా ఉన్నప్పుడే అంటిస్తే అంచులు లేచిపోతాయి. మొదట మధ్యలో నొక్కి, తర్వాత అంచులకు వచ్చేవాళ్లు.

రెండు చిల్లులు పక్కపక్కనే పాము కాటులా ఉంటే మాత్రం ముల్లు పని కాదు. గాలి తక్కువై, దూకి దిగేటప్పుడు రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగిందన్నమాట. 65, 70 కిలోల మనిషికి 2.25 అంగుళాల టైరులో గాలి ఒత్తిడి ముందు 27, వెనక 30 పీఎస్ఐతో మొదలుపెట్టి చూసుకోవచ్చు.

సైకిలుతో దూకడానికి మేం కట్టుకున్న దిబ్బ మాత్రం భలే కుదిరింది. గ్రావెల్ తడిపి అణిచాం, దిగే వైపు వాలు పెట్టాం. చదును నేల మీద దిగితే దెబ్బంతా మణికట్లకే.

అసలు అందర్నీ ట్యూబ్‌లెస్‌కు, అంటే ట్యూబు లేని టైర్లకు మారమని రాద్దామనే కూర్చున్నా. చిన్న ముల్లు దిగినా లోపల పోసిన సీలెంటు ద్రవం చిల్లును మూసేస్తుంది, నలగడానికి ట్యూబే ఉండదు. కానీ రాస్తుంటే మనసు మారింది. 29 అంగుళాల టైరులో 100 మిల్లీలీటర్ల దాకా పోసినా, నెల్లూరు ఎండలకు అది తొందరగా ఆరిపోతుంది. ఎండాకాలంలో నెలకోసారన్నా వాల్వు లోపలుండే కోరు విప్పి, సీలెంటు ఎంత మిగిలిందో పుల్ల పెట్టి చూసుకోవాలి. గుడ్డ తిప్పే ఓపికే లేనోడు పుల్ల పెట్టి చూస్తాడా?

బావకు ట్యూబే మేలు. బ్యాగులో పంపు పక్కన పాత బనీను ముక్క, చిన్న పట్టకారు పెడతా. ముందు ఆ టైరులో ముల్లు తీసి చూపించాలి.