ఒకటిన్నర స్పీడ్ ఆపేసి చూసినవి

చాలా రోజులుగా నాకో అలవాటు, ఏ సిరీస్ పెట్టినా స్పీడ్ ఒకటిన్నరకి పెట్టేసి చూడటం. రోజంతా అయ్యాక మనకంటూ మిగిలేదే ఓ గంటన్నర, అందులో రెండు ఎపిసోడ్లు అయిపోవాలంటే ఇంకో దారి లేదనుకునేదాన్ని. పైగా చేతిలో ఫోన్, కాస్త నెమ్మది సీన్ రాగానే తల కిందికి దిగిపోయేది, ఎవరైనా అరిస్తేనో మ్యూజిక్ పెరిగితేనో మళ్ళీ పైకి. అలా చూసినవాటిల్లో హంతకుడి మొహం గుర్తుంటుంది గానీ చనిపోయిన మనిషి పేరు గుర్తుండదు. ఈమధ్య చూసిన మూడు సిరీస్‌లు ఆ అలవాటు మాన్పించాయి, అందుకే రాస్తున్నా. ముందే చెప్తున్నా, కథలు విప్పి రాస్తున్నా, చూడనివాళ్ళు చూసొచ్చాక చదవండి.

మొదటిది అడోలసెన్స్. 2025 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, నాలుగే ఎపిసోడ్లు. అక్క చెప్పిచెప్పి విసిగిపోయాక పెట్టా. అలవాటు ప్రకారం ఒకటిన్నర స్పీడే. పొద్దున్నే పోలీసులు తలుపు బద్దలుకొట్టి ఇంట్లోకి వస్తారు, పైకి పరిగెడతారు, మంచం మీద పదమూడేళ్ళ పిల్లాడు, భయంతో ప్యాంట్ తడిపేసుకుని ఉంటాడు. సరే అని చూస్తున్నా. తన స్కూల్ అమ్మాయిని చంపాడన్న అనుమానంతో వాణ్ణి వ్యాన్ ఎక్కించారు, స్టేషన్‌కి తీసుకెళ్తున్నారు, ఏ సిరీస్‌లో అయినా ఇక్కడ కట్ పడుతుంది కదా, వ్యాన్ కదిలింది అంటే తర్వాతి షాట్‌లో స్టేషన్. ఇక్కడ పడలేదు. కెమెరా కూడా వ్యాన్‌లోనే కూర్చుంది, వాడు ఏడుస్తున్నాడు, ఎదురుగా పోలీసాయన ఏవో నాలుగు మాటలు చెప్తున్నాడు, దారి సాగుతూనే ఉంది. అప్పుడు అర్థమైంది ఎపిసోడ్ మొత్తం ఒకే షాట్ అని. వెనక్కి మొదటికి వెళ్ళి స్పీడ్ మామూలుకి మార్చి మళ్ళీ మొదలుపెట్టా. ఫోన్ పక్క గదిలో పెట్టొచ్చా.

నాలుగు ఎపిసోడ్లూ అంతే, ఒక్కోటి ఒక్క షాట్. తప్పు జరిగితే మళ్ళీ మొదటి నుంచి తియ్యాల్సిందే, కొన్ని ఎపిసోడ్లకి పదికి పైగా టేకులు పట్టాయట. నన్నడిగితే అందులో గొప్ప కెమెరా పనితనం ఒక్కటే కాదు, మనల్ని తప్పించుకోనివ్వకపోవడం ఉంది. స్టేషన్‌లో ఆ పిల్లాడి బట్టలు విప్పి సోదా చేస్తారు, వాడు తోడుగా నాన్నని కోరుకున్నాడు కాబట్టి ఆయన అక్కడే నిలబడాలి. కెమెరా పిల్లాడి మీదకి వెళ్ళదు, నాన్న మొహం మీదే ఉండిపోతుంది. స్టీఫెన్ గ్రాహమ్ చేసాడు ఆ నాన్న వేషం, కథ రాసిన ఇద్దరిలో కూడా ఆయనొకడు. ఏమీ మాట్లాడడు, కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక అటూ ఇటూ తిప్పుతాడు. ఆ నిమిషం ఎంత పొడుగ్గా ఉందో చెప్పలేను, ఒకటిన్నర స్పీడ్‌లో చూసుంటే అది నాకు దక్కేదే కాదు.

మూడో ఎపిసోడ్ అయితే దాదాపు మొత్తం ఒకే గది, పిల్లాడు, సైకాలజిస్ట్, ఇద్దరే. ఆవిడ వాడికోసం హాట్ చాక్లెట్ తెస్తుంది, సగం శాండ్‌విచ్ ఇస్తుంది. నవ్వుతూ మాట్లాడుతున్న వాడు ఉన్నట్టుండి లేచి ఆవిడ మీదకి అరుస్తాడు, మళ్ళీ కాసేపటికి చిన్నపిల్లాడిలా సారీ చెప్తాడు. ఆ అబ్బాయి ఓవెన్ కూపర్‌కి ఇదే మొదటి నటన, పైగా అన్నిటికంటే ముందు షూట్ చేసింది కూడా ఈ ఎపిసోడే అంట, పదిహేనేళ్ళకే ఎమ్మీ టీవీ అవార్డు వచ్చింది అంటే ఏం ఆశ్చర్యం లేదు. కానీ నేను మర్చిపోలేనిది వాణ్ణి తీసుకెళ్ళిపోయాక ఆవిడ ఒక్కతే గదిలో ఉండే ఆ కాసేపు. ఊపిరి కూడదీసుకుంటుంది, వాడు కొరికి వదిలేసిన శాండ్‌విచ్ ముక్క ముట్టుకోబోయి చేతిని వెనక్కి తీసేస్తుంది. అంతే. ఒక్క మాట లేదు. వాడంటే ఆవిడకి జాలి ఉందా అసహ్యం ఉందా భయం ఉందా, మూడూ ఆ చేతిలోనే కనిపించాయి నాకు.

రెండో ఎపిసోడ్ స్కూల్లో జరిగేది కొంచెం గజిబిజిగా అనిపించింది, నిజం చెప్పాలంటే. చివర్లో కెమెరా డ్రోన్‌కి తగిలించి గాల్లోకి లేపి హత్య జరిగిన చోటికి తీసుకెళ్ళి దింపుతారు, పువ్వులు పెడుతున్న పిల్లాడి నాన్న దగ్గరికి, అది మాత్రం కట్టిపడేసింది. చనిపోయిన అమ్మాయి కథ ఎక్కువ చెప్పలేదని కొందరు అన్నారు, నాకూ అదే బాధ, ఆ అమ్మాయి పేరు కేటీ, ఈసారి పేరు గుర్తుపెట్టుకున్నా.

తర్వాత ద పిట్. ఇది కూడా 2025లోదే, జనవరిలో మొదలైంది. పిట్స్‌బర్గ్‌లో ఒక హాస్పిటల్ ఎమర్జెన్సీ విభాగం, మొదటి సీజన్ మొత్తం ఒకే ఒక్క షిఫ్ట్, పదిహేను ఎపిసోడ్లు, ఒక్కో ఎపిసోడ్ ఒక్కో గంట, పొద్దున ఏడుకి మొదలు. నోవా వైలీ పెద్ద డాక్టర్, 1994లో మొదలైన ఈఆర్ సిరీస్‌లో కుర్ర డాక్టర్‌గా చేసిన ఆయనే, ఇన్నేళ్ళకి మళ్ళీ తెల్లగెడ్డంతో అదే ఎమర్జెన్సీ గదుల్లో చూస్తుంటే భలే అనిపించింది. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ దాదాపు ఉండదు, మెషీన్ల బీప్‌లు, స్ట్రెచర్ చక్రాల చప్పుడు, ఎవరో ఎవర్నో పిలవడం, అంతే. ఎక్కడ ఏడవాలో ఏ వయొలిన్ వచ్చి చెప్పదు కాబట్టి నేను మామూలుగా ఏడవని చోట ఏడ్చా.

అందులో ఒక పెద్దాయన కేస్ ఉంది. నాకు ఊపిరి అందకపోతే గొట్టాలూ గిట్టాలూ వద్దని ముందే రాసిపెట్టుకున్నాడు. కూతురూ కొడుకూ వచ్చి లేదు లేదు పెట్టండి అంటారు, కూతురు అస్సలు ఒప్పుకోదు, పెడతారు. మామూలు మెడికల్ డ్రామాలో అయితే ఇది ఒక్క ఎపిసోడ్‌లో తేలిపోవాలి కదా, ఒక ప్రసంగం, ఒక కౌగిలి, అయిపోయింది. ఇక్కడ మధ్యలో వేరే పేషెంట్లు వస్తుంటారు, డాక్టర్ వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతాడు, మళ్ళీ వచ్చేసరికి వీళ్ళు అదే కుర్చీల్లో అలాగే ఉంటారు. గంటలు గడిచే కొద్దీ ఆ పిల్లలు మెల్లగా మెత్తబడతారు, ఎవరూ ఒప్పించలేదు, టైమే ఒప్పించింది. చివరికి డాక్టర్ వాళ్ళకి చెప్తాడు, వెళ్ళిపోయే మనిషికి చెప్పాల్సిన మాటలు నాలుగేనని. నువ్వంటే ప్రేమ అని, థ్యాంక్స్ అని, నిన్ను క్షమించానని, నన్ను క్షమించమని. తనకి ఇది నేర్పిన గురువు కోవిడ్‌లో పోయాడు, ఈ షిఫ్ట్ జరిగే రోజే ఆయన పోయిన రోజు, అది మనకి నెమ్మదిగా తెలుస్తుంది. కొడుకూ కూతురూ ఆ నాలుగు మాటలు వాళ్ళకొచ్చినట్టు తడబడుతూ చెప్తుంటే ఇంక నావల్ల కాలేదు, పాజ్ చేసి కాసేపు కూర్చుండిపోయా. మనం సొంతవాళ్ళని హాస్పిటల్లో పెట్టుకుని బయట కుర్చీలో కూర్చున్న రోజు ఒకటి ఉంటే ఈ సీన్ వేరేగా తగులుతుంది, అంతకంటే రాయలేను.

చివరి ఎపిసోడ్లలో కాల్పులు జరిగి గాయపడినవాళ్ళు గుంపులుగా వచ్చిపడతారు, అప్పటిదాకా ఒక్కో పేషెంట్ పేరూ తెలుసుకుంటూ వచ్చిన మనకి ఒక్కసారిగా ఎవరి పరిస్థితి ఎంత సీరియస్సో చెప్పడానికి వాళ్ళ చేతికి కట్టే రంగు బ్యాండ్ మాత్రమే మిగులుతుంది. ఆ మార్పు కడుపులో దేవినట్టు అనిపించింది. ఒక్కటే కంప్లైంట్, అంతమంది జూనియర్ డాక్టర్లకి ఒక్కరోజులోనే అన్ని కష్టాలూ రావడం కొంచెం ఎక్కువైంది.

మధ్యలో ఎనిమిది ఎపిసోడ్ల క్రైమ్ థ్రిల్లర్ ఒకటి చూసా, పేరు చెప్పను, నాలుగింటికి సరిపోయే కథని ఎనిమిదికి లాగారు, ప్రతి ఎపిసోడ్ చివర్లో తలుపు తెరుచుకుంటుంది, తర్వాతి ఎపిసోడ్‌లో లోపల ఎవరూ ఉండరు. దీనికి మళ్ళీ ఒకటిన్నర పెట్టా. స్లో హార్సెస్ అనే గూఢచారుల సిరీస్ మాత్రం సీజన్‌కి ఆరే ఎపిసోడ్లు, అనవసరంగా ఒక్కటి కూడా లేదు, హాయిగా చూసెయ్యొచ్చు.

ఇక సెవరెన్స్. మొదటి సీజన్ 2022లో, రెండోది 2025 జనవరిలో, మధ్యలో దాదాపు మూడేళ్ళు, అందుకని మొదటిది మళ్ళీ చూసి రెండోదానికి వెళ్ళా. కథ తెలియనివాళ్ళకి, ఒక కంపెనీలో ఉద్యోగుల మెదడుని రెండు చేస్తారు. ఆఫీసులో ఉన్న మనిషికి బయటి జీవితం గుర్తుండదు, బయటి మనిషికి ఆఫీస్ గుర్తుండదు. లిఫ్ట్ ఎక్కగానే టింగ్ అని మారిపోతారు. మొదటిసారి చూసినప్పుడు ఇదేదో తెలివైన ఐడియా అనుకుని ముందుకెళ్ళిపోయా. ఈసారి నెమ్మదిగా చూస్తే తట్టింది, లోపలి మనిషికి సాయంత్రం లేదు, నిద్ర లేదు, ఆదివారం లేదు. లిఫ్ట్ తలుపు మూసుకుంటుంది, తెరుచుకుంటుంది, మళ్ళీ అదే ఆఫీస్. నిద్రపోయాక అలసట తీరడం మాత్రం ఒంటికి తెలుస్తుంది, నిద్ర తెలీదు. ఆ తెల్ల కారిడార్లలో అంతసేపు నడిపించడం ఎందుకా అని విసుక్కున్న నాకు అప్పుడర్థమైంది, వాళ్ళకున్న ప్రపంచం ఆ కారిడారే.

రెండో సీజన్‌లో ఏడో ఎపిసోడ్, హీరో మార్క్ భార్య జెమ్మా కథ, ఆ ఒక్కదాని కోసమైనా చూడొచ్చు. ఎనిమిదోది మాత్రం నాకు సాగదీసినట్టే ఉంది, సరిగ్గా కథ మరిగే టైమ్‌లో పక్కకి తీసుకెళ్ళారు.

చివరి సీన్ గురించి అక్కకీ నాకూ ఇంకా తేలలేదు. లోపలి మార్క్ ప్రాణాలకి తెగించి జెమ్మాని బయటి మెట్లదాకా తెస్తాడు, ఆవిడ తలుపు దాటేస్తుంది, తను దాటితే తనిక ఉండడు, బయటి మార్క్ మాత్రమే ఉంటాడు. ఆవిడ అద్దానికి అవతల నుంచి పిలుస్తూ ఉంటుంది, వీడు వెనక్కి తిరిగి, ఆఫీసులో తను ప్రేమించిన హెల్లీ చెయ్యి పట్టుకుని పరిగెత్తుతాడు. అక్క ఫోన్ చేసి అరిచేసింది, "ఇన్నాళ్ళూ భార్య కోసం ఏడ్చి ఇప్పుడు అక్కడే వదిలేసి పోతాడా, మనిషేనా వాడు" అని. అక్కా, ఏడ్చింది వీడు కాదు కదా, అది బయటివాడు, వీడికి ఆవిడ భార్యగా గుర్తే లేదు, వీడికున్నదల్లా ఆ అమ్మాయి, ఆ కారిడార్ అన్నా. "మొహం అదే కదే" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. జెమ్మా పిలిచేది ఆ మొహాన్నే.