రే చార్లెస్ రికార్డులకు తేదీల వరుస

శనివారం, రాత్రి

ఉదయం తొమ్మిదింటికే హాల్లో దుప్పటి పరిచి, పక్కింటి పెద్దాయన అప్పగించిన రెండు అట్టపెట్టెల్లోని, అమెరికన్ గాయకుడు, పియానో వాద్యకారుడు రే చార్లెస్ రికార్డులను ఒక్కొక్కటిగా బయటికి తీశాను. ఆయన వచ్చే నెలలో అట్లాంటా విడిచి కూతురి ఊరికి వెళ్ళిపోతున్నారు. రికార్డులన్నీ మనవడికి ఇవ్వాలని, ఇచ్చేముందు వేటిలో ఏముందో ఒక పట్టిక రాయించాలని ఆయన కోరిక. చిన్న అక్షరాలు ఆయన కళ్ళకు ఆనడం లేదు. అందుకే ఆ పని నాకు ఇమ్మని నేనే అడిగాను. మొత్తం 31 ఎల్‌పీలు (ఒక్కోదానిలో చాలా పాటలు పట్టే పెద్ద రికార్డులు), 18 చిన్న రికార్డులు.

మొదట కంపెనీ నంబర్ల ప్రకారం సర్దాను. మధ్యాహ్నం వరకు అదే సులువైన పద్ధతిగా తోచింది. 1950లలో అట్లాంటిక్ రికార్డుల కంపెనీ జాజ్ ఎల్‌పీలకు 1200, 1300లలో నంబర్లు ఇచ్చేది. నల్లజాతి అమెరికన్ల జనరంజక సంగీతమైన రిథమ్ అండ్ బ్లూస్‌ ఎల్‌పీలను 8000 వరుసలో వేసేది. ఆ ప్రకారం పాట లేకుండా పియానో ప్రధానంగా సాగే ‘ద గ్రేట్ రే చార్లెస్’ 1259గా, వైబ్రఫోన్ (పుల్లలతో వాయించే లోహపు పలకల వాద్యం) విద్వాంసుడు మిల్ట్ జాక్సన్‌తో కలిసి చేసిన ‘సోల్ బ్రదర్స్’ 1279గా ఒక దొంతరలో చేరాయి. ‘వాట్ డ్ ఐ సే’ 8029గా రెండో దొంతరలో చేరింది. రెండు దొంతరలూ ముచ్చటగా, సమంగా కనిపించాయి. కానీ అట్టల వెనక చదివిన రికార్డింగ్ తేదీలను నోటుపుస్తకంలోకి ఎక్కిస్తున్నకొద్దీ ఆ విభజన నాకు తప్పుగా తోచింది.

‘ద గ్రేట్ రే చార్లెస్’ కోసం ఆయన 1956లో స్టూడియోలో కూర్చున్నారు. ‘లోన్లీ అవెన్యూ’ పాడింది కూడా ఆ సంవత్సరమే. చర్చి ప్రార్థనల ఒరవడిలో, వెనక ఆడగొంతులు బదులిస్తుండగా పాడిన మనిషీ, నోరు మెదపకుండా జాజ్ పియానో వాయించిన మనిషీ ఒకే ఏట, ఒకే కంపెనీకి, చాలావరకు ఒకే బృందంతో పనిచేశారు. ‘సోల్ బ్రదర్స్’లో ఆయన పియానోతో ఆగక ఆల్టో శాక్సఫోన్ కూడా అందుకున్నారు, మిల్ట్ జాక్సనేమో వైబ్రఫోన్ పక్కన పెట్టి కాసేపు పియానో, కాసేపు గిటార్ వాయించారు. దుకాణంలో ఏ అరలో పెట్టాలో తెలియడానికి కంపెనీ వేసిన నంబర్లు ఆ మనిషిని రెండుగా చీల్చాయి. మనవడికి చేరే పట్టికలో ఆ చీలిక ఉండకూడదనిపించింది. రెండు దొంతరలనూ కలిపేసి, రికార్డింగ్ తేదీల వరుసలో మళ్ళీ మొదలుపెట్టాను. (మన సినిమా పాటలకు కూడా సినిమా విడుదలైన సంవత్సరమే వేస్తాం గాని, గాయకుడు మైకు ముందు నిలబడ్డ రోజును ఎవరూ రాసిపెట్టరు. అది నాకు ఎప్పుడూ లోటుగానే ఉంటుంది.)

ఆ తేదీలకు ఇంకొక విలువ కూడా ఉంది. 1978లో న్యూజెర్సీలోని లాంగ్ బ్రాంచ్‌లో అట్లాంటిక్ వారి టేపులు దాచిన భవనం తగలబడి, విడుదల కాని టేపులు ఎన్నో బూడిదయ్యాయి. టేపు పోయిన చోట, ఫలానా రోజున ఫలానా వాళ్ళు కలిసి వాయించారన్న ఒక్క వాక్యమే మిగులుతుంది. అది తెలిశాక ఒక తేదీని తొందరలో తప్పుగా రాయడానికి చెయ్యి రాదు.

కొత్త వరుసలో అన్నిటికన్నా ఇబ్బంది పెట్టినవి తొలినాటి పాటలు. 1949 నుంచి అట్లాంటిక్‌లో చేరేదాకా ఆయన చిన్న కంపెనీలకు పాడినవాటిని తర్వాతి కాలంలో ఎవరెవరో చవక ఎల్‌పీలుగా, పేర్లు మార్చి, ఆయన పేరు మారుమోగిన నాటి ఫొటోలు ముఖచిత్రంగా వేసి అమ్మారు. ఈ పెట్టెల్లో అలాంటివి నాలుగున్నాయి. వాటిలో గొంతు ఆనాటి పేరున్న గాయకులు నాట్ కింగ్ కోల్‌ను, చార్లెస్ బ్రౌన్‌ను తలపిస్తుంది. తన గొంతు తనకు ఇంకా దొరకని ఇరవయ్యేళ్ళ యువకుడు అక్కడ వినిపిస్తాడు. నాలుగింటినీ పట్టిక మొదట్లోనే పెట్టి, అట్ట మీది బొమ్మను నమ్మవద్దని పక్కన రాశాను.

‘రే చార్లెస్ సింగర్స్’ అన్న రికార్డు కూడా ఒకటి దొరికింది. అది ఈయనది కాదు. అదే పేరుతో బృందగానాలు నడిపిన వేరొక సంగీతకారుడిది. మన రే చార్లెస్ అసలు పేరు రే చార్లెస్ రాబిన్సన్. బాక్సర్ షుగర్ రే రాబిన్సన్‌తో పొరపడతారని ఇంటిపేరు వదిలేశారు. ఒక పొరపాటు తప్పించుకుంటే ఇంకొకటి ఎదురైంది. ఆ రికార్డును విడిగా ఉంచాను.

వేరొకరి పేరిట వచ్చిన రికార్డుల్లో ఆయనను పట్టుకోవడం ఇంకా కష్టం. బ్లూస్ గాయకుడు గిటార్ స్లిమ్ 1953లో న్యూ ఆర్లీన్స్‌లో పాడిన ‘ద థింగ్స్ దట్ ఐ యూజ్డ్ టు డూ’ చిన్న రికార్డు ఇందులో ఉంది. ఆ పాటకు వాద్యాల కూర్పు, పియానో రే చార్లెస్‌వే. అదే విధంగా శాక్సఫోన్ వాద్యకారుడు డేవిడ్ న్యూమన్ పేరిట వచ్చిన ఎల్‌పీలో ఈయన పియానో వాద్యకారుడు మాత్రమే. రెండింటినీ పట్టికలో చేర్చాను. పెద్దాయన వాటిని ఈ పెట్టెల్లోనే దాచుకున్నారంటే ఆయనకూ ఆ సంగతి తెలిసే ఉంటుంది.

1959 చివర్లో ఏబీసీ-పారామౌంట్ కంపెనీకి మారినప్పుడు, మాస్టర్ టేపులు (పాటల మూల రికార్డింగులు) చివరికి తనకే చెందేలా ఒప్పందం రాయించుకున్నారు. అక్కడి నుంచి పట్టిక సాఫీగా సాగింది. ‘జీనియస్ + సోల్ = జాజ్’ దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. 1960 డిసెంబరులో కౌంట్ బేసీ జాజ్ బృందంలోని వాద్యకారులు చుట్టూ ఉండగా, క్విన్సీ జోన్స్, రాల్ఫ్ బర్న్స్ కూర్పుల మీద ఆయన ఆర్గన్ వాయించారు. మొత్తం ఎల్‌పీలో పాడినవి రెండే పాటలు. పొద్దున నేను చేసిన రెండు దొంతరల్లో దీన్ని దేనిలో పెట్టినా అన్యాయమే జరిగేది.

సాయంత్రం పెద్దాయనకు నోటుపుస్తకం చూపించాను. తేదీలు నేను చదివి వినిపిస్తుంటే, అట్లాంటా పేరు వచ్చినప్పుడల్లా చెయ్యెత్తి ఆపారు. 1954 నవంబరులో ‘ఐ హ్యావ్ గాట్ ఎ ఉమన్’ రికార్డయింది ఈ ఊళ్ళోని ఒక రేడియో స్టేషన్‌లోనే. 1959 మే 28న ఇక్కడి హెర్న్‌డన్ స్టేడియంలో జరిగిన కచేరీని జినాస్ సియర్స్ అనే రేడియో వ్యాఖ్యాత ఒకే ఒక మైకుతో పట్టి ఉంచారు. 8039 నంబరు ఎల్‌పీ అదే. ఈ జార్జియా రాష్ట్రం 1979లో తన అధికార గీతంగా స్వీకరించిన ‘జార్జియా ఆన్ మై మైండ్’ మాత్రం 1960 మార్చిలో న్యూయార్క్‌లో రికార్డయింది. అది విని పెద్దాయన కాసేపు మౌనంగా ఉండిపోయారు. తర్వాత, అట్లాంటాలో రికార్డయిన వాటి పక్కన ఊరి పేరు ఎర్ర సిరాతో రాయమని అడిగారు.

ఎల్‌పీలు పూర్తయ్యాయి. చిన్న రికార్డుల్లో పదకొండు మిగిలాయి. ‘వాట్ డ్ ఐ సే’ పాట ఒక వైపున పట్టక రెండు భాగాలుగా రెండు వైపులా అచ్చయినది వాటిలో మొదటిది. ఎర్ర పెన్ను ఇంట్లో లేదు, రేపు కొనాలి.