పాడే గదిని చూసి మైకు కొనండి

నా దగ్గర లలిత సంగీతం నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు ఈ మధ్య తరచూ అడుగుతున్నారు. "మేడమ్, పోటీకి పాట రికార్డు చేసి పంపమన్నారు. పది వేల లోపు ఏ మైకు తీసుకోమంటారు?" అని. నేను ముందు వాళ్ల ఇంటి సంగతి అడుగుతాను. అమ్మాయి ఏ గదిలో పాడుతుంది? కిటికీ రోడ్డు వైపు ఉందా? పాడినంతసేపూ ఫ్యాను ఆపగలరా?

ఎందుకంటే మన ఇళ్లు స్టూడియోలు కావు కదండీ. రాజమండ్రిలో మా ఇల్లు మెయిన్ రోడ్డుకి దగ్గర. ఆటోలు, పక్కింటి కుక్కర్ విజిల్, ఎండాకాలమైతే కూలర్ హోరు. గచ్చు నేల, సున్నం గోడలు, పైన స్లాబు. చప్పట్లు కొడితే గది తిరిగి మోగుతుంది. మైకుల్లో ముఖ్యంగా రెండు రకాలు: దగ్గరగా పెట్టుకుని పాడటానికి అనువైన డైనమిక్, మెల్లని చప్పుడుని కూడా బాగా పట్టే సున్నితమైన కండెన్సర్. అలాంటి చోట పాడేవాళ్లకి నేను చెప్పేది డైనమిక్ మైకు. షూర్ ఎస్ఎం58 అయితే మరీ మంచిది. 1966 నుంచి వస్తున్న మైకు అది. మన ఊళ్లలో కచేరీ వేదికల మీదా, ఆర్కెస్ట్రాల్లోనూ అందరూ చూసిందే. అంత పెట్టలేనివాళ్లకి బెరింజర్ ఎక్స్ఎం8500 చాలు. చాలా తక్కువలో వస్తుంది, పిల్లల గొంతుకి బాగానే పలుకుతుంది. ఎస్ఎం58కి నకిలీలు ఎక్కువ కాబట్టి సగం ధరకి ఇస్తామన్నవాళ్ల జోలికి మాత్రం వెళ్లకండి.

డైనమిక్ మైకు గది చప్పుడు వినదని చాలామంది అంటారు. ఆ మాట పూర్తిగా నిజం కాదు. రెండు రకాల మైకుల్నీ అంతే దూరంలో పెట్టి, గొంతు ఒకే స్థాయిలో వినిపించేలా సర్దితే, ఫ్యాను చప్పుడు రెండింట్లోనూ ఇంచుమించు అంతే ఉంటుంది. తేడా అంతా దూరంలో ఉంది. అడుగు దూరంలో పాడే మనిషి మూడంగుళాలకి వస్తే గొంతు సుమారు 12 డెసిబెల్స్ పెరుగుతుంది. ఫ్యాను మాత్రం ఉన్నచోటే ఉంటుంది కాబట్టి దాని చప్పుడు పెరగదు. ఎస్ఎం58 లాంటివి పెదవులకి దగ్గరగా పెట్టుకుని పాడటానికే తయారైన మైకులు. కండెన్సర్‌కి అంత దగ్గరగా వెళ్తే ఊపిరి, నాలుక తడి చప్పుడు, అన్నీ పడతాయి.

అంత దగ్గరలో మన భాషకి ఒక చిక్కుంది, నోటి నుంచి గాలి విసురుగా వచ్చే అక్షరాలు. అరచేతిని నోటి ముందు పెట్టుకుని "భ" అనండి, తర్వాత "ఘ" అనండి, "ప" అనండి. గాలి అరచేతిలో ఏ చోట తగులుతుందో తెలుస్తుంది. మైకుని ఆ చోట పెట్టకూడదు. పెదవి చివరికి జరిపి, కాస్త ఏటవాలుగా నోటి వైపు తిప్పండి. గొంతు అలాగే ఉంటుంది, "భజన" అన్నప్పుడు వచ్చే "ధబ్" మాత్రం పోతుంది. మా పిల్లలకి మైకు ఇచ్చే ముందు ఈ అరచేతి పాఠమే చెప్తాను. పది నిమిషాల్లో పట్టేస్తారు.

దగ్గరగా పాడితే గొంతులోని మంద్రం, అంటే లోతైన ధ్వని కూడా లావెక్కుతుంది. ఐదున్నర శ్రుతిలో, అంటే పై స్థాయిలో పాడే సన్నగొంతు పిల్లకి అది నిండుదనం ఇస్తుంది. ఒకటిన్నర శ్రుతిలో, కింది స్థాయిలో పాడే నాన్నగారికి మాత్రం గుమ్ముగా ఉండి మాట తెలియదు. ఆయన ఇంకో రెండంగుళాలు వెనక్కి జరగాలి. తారస్థాయికి వెళ్లేటప్పుడు ఎవరైనా మొహం కాస్త వెనక్కి తీసుకోవాల్సిందే.

ఇక కండెన్సర్ ఎవరికంటే, నిజంగా నిశ్శబ్దమైన గది ఉన్నవాళ్లకి, మెల్లగా పాడేవాళ్లకి. నా విద్యార్థిని ఒకమ్మాయి వాళ్ల అమ్మమ్మ చేత పాత మంగళహారతులు పాడించి దాచుకుంటోంది. ఆవిడది గుసగుస లాంటి గొంతు. డైనమిక్ పెట్టి గెయిన్ (మైకు నుంచి వచ్చే ధ్వనిని పెంచే మీట) చివరిదాకా తిప్పితే వెనక "స్‌స్‌" మని వస్తోంది. వాళ్లది కోనసీమలో తోట మధ్య ఇల్లు, తెల్లవారుజామున పిట్టలు తప్ప చప్పుడే ఉండదు. అక్కడికి ఆడియో టెక్నికా ఏటీ2020 తీసుకోమన్నాను. అదే గొంతుకి అది ఎస్ఎం58 కన్నా ఏడెనిమిది రెట్లు ఎక్కువ వోల్టేజి ఇస్తుంది. ఇప్పుడు ఆవిడ పాటలో ఒక సంగతికీ ఇంకో సంగతికీ మధ్య తీసుకునే ఊపిరితో సహా వినిపిస్తోంది. ఆ రికార్డింగులు నాకు ప్రాణం.

ఆ కండెన్సర్‌కి 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు తీగలోంచే అందే కరెంటు కావాలి, దానికి ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే చిన్న పెట్టె) ఉండాలి. డైనమిక్‌ని కంప్యూటర్‌కి కలపాలన్నా ఇంటర్‌ఫేసే. ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. అంత బడ్జెట్ లేకపోతే శాంసన్ క్యూ2యూ చూడండి. డైనమిక్ మైకే, యూఎస్‌బీ తీగతో నేరుగా లాప్‌టాప్‌కి పెట్టుకోవచ్చు, రేపు ఇంటర్‌ఫేస్ కొంటే దానికీ పనికొస్తుంది. వెయ్యి రూపాయలకి స్టాండుతో సహా స్టూడియో కండెన్సర్ మైకు అని అమ్మే కిట్లు కొనకండి. ఫోనుకి పెట్టే సన్న పిన్ను నుంచి 48 వోల్టులు రావు.

మిగిలిన డబ్బుతో చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ తీసుకోండి. తంబూరా శ్రుతి స్పీకర్లో పెడితే అది కూడా మైకులో పడుతుంది, తర్వాత గొంతుని విడదీయలేం. శ్రుతి చెవుల్లోనే మోగాలి.

గదిలో ఎలా నిలబడాలంటే, ఈ మైకులన్నీ ముందు వైపు బాగా వింటాయి, వెనక వైపు తక్కువ. కాబట్టి మైకు వీపు కిటికీ వైపు ఉండాలి, మీ మొహం కూడా కిటికీ వైపే. అప్పుడు మైకు మిమ్మల్నీ, మీ వెనక గోడనీ చూస్తుంది. బొంతలు, దుప్పట్లు వేలాడదీయాల్సింది ఆ గోడకి. చాలామంది మైకు వెనక కడుతుంటారు. ముందు మీ వీపు వెనక కట్టండి, బొంతలు మిగిలితే అప్పుడు అటు సంగతి చూడొచ్చు. బట్టలతో నిండిన బీరువా ఉంటే తలుపులు తెరిచి దానికి వీపు పెట్టి నిలబడినా చాలు.

మీ గది ఎలాంటిదో, ఏ శ్రుతిలో పాడతారో కింద రాయండి. మైకు పేరు నేను చెప్తాను.