పులుపు ఎక్కడ వాడాలి, సోడా ఎక్కడ వాడాలి

వంటసోడా చల్లి దాని మీద వెనిగర్ పోస్తే బుసబుసా నురగ వస్తుంది. వాట్సాప్‌లో తిరిగే శుభ్రం చిట్కాల్లో సగం ఈ నురగ చుట్టూనే ఉంటాయి. చూడ్డానికి ముచ్చటే గానీ ఆ నురగంతా బొగ్గుపులుసు వాయువు. పులుపు, క్షారం ఒకదాన్నొకటి విరిచేసుకున్నాక అడుగున మిగిలే నీళ్లతో గారా పోదు, జిడ్డూ పోదు. రెండూ మంచి సరుకులే, కాకపోతే విడివిడిగా వాడితేనే.

నీళ్లు వదిలిపెట్టి పోయిన మరకకు పులుపు కావాలి. కుళాయి మీద గార, తుప్పు చార, ఇత్తడి మీద చిలుము ఈ జాతివి. నూనె, పొగ, చేతి చెమట చేరి పట్టిన జిడ్డుకు సోడా, బూడిద, కుంకుడు లాంటివి కావాలి. మరక ఏ జాతిదో తేల్చుకోకుండా పీచు పట్టుకుంటే చెయ్యి నొప్పే మిగులుతుంది.

మన ఉత్తరాంధ్ర వైపు బోరు నీళ్లు వాడే ఇళ్లలో మొదటి తగువు గారతోనే. బకెట్ల లోపల, షవర్ చిల్లుల్లో, బకెట్లో పెట్టి నీళ్లు కాచే రాడ్డు మీద తెల్లగా గట్టిపడేది చాలావరకు సున్నపురాయి పదార్థమే. దీనికి చింతపండు కన్నా కిరాణా కొట్లో దొరికే నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్) సుఖం. జిగురు ఉండదు, రంగు అంటదు. లీటరు గోరువెచ్చని నీళ్లకు రెండు పెద్ద చెంచాలు కలిపి, పాత నూలు గుడ్డ ముంచి కుళాయికి చుట్టి, పైన పాలిథీన్ కవర్ కట్టండి. కవర్ లేకపోతే గుడ్డ ఆరిపోయి పని సగంలో ఆగిపోతుంది. అరగంట చాలు. రాత్రంతా ఉంచితే కుళాయి మీది మెరుగుపూత మసకబారుతుంది, పూత లేచిన చోట లోపలి ఇత్తడి బయటపడుతుంది. రాడ్డయితే ప్లగ్గు తీసి, పూర్తిగా చల్లారాక, ప్లాస్టిక్ బకెట్లో అయిదు లీటర్ల వేడినీళ్లకు ఏడెనిమిది చెంచాల నిమ్మఉప్పు వేసి గార ఉన్నంత మేరకే ముంచాలి. వైరు బిగించిన తల తడవకూడదు. బుడగలు వస్తున్నంతసేపూ గార కరుగుతున్నట్టే. ఆగిపోయాక ఇంకా మిగిలితే నీళ్లు మార్చి మళ్లీ పెట్టండి. చాకుతో గీకితే మాత్రం పైగొట్టానికి సన్నటి చీలిక పడి, తర్వాత నీళ్లలో కరెంటు దిగే ప్రమాదం ఉంది.

కొన్ని బోర్ల నీళ్లలో ఇనుము ఎక్కువ. బాత్రూం టైల్సు మీద, కమోడ్ లోపల ఎర్రటి చార అదే. చాలామంది దీని మీద బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు. బ్లీచింగ్ ఇనుమును ఇంకా తుప్పు పట్టించి మరకను గట్టిచేస్తుంది. ఇక్కడా నిమ్మఉప్పే, కాస్త చిక్కగా.

పులుపుతో అసలు పేచీ రాయి దగ్గర. వంటింటి గట్టు నల్లగా ఉందంటే అది గ్రానైటో కాదో ముందు చూసుకోవాలి. టెక్కలి వైపు క్వారీల గ్రానైటయితే నిమ్మరసం పడినా వెంటనే తుడిస్తే ఏమీ కాదు. కడప రాయి సున్నపురాయి జాతిది. దాని మీద నిమ్మచెక్కతో రుద్దినా, వెనిగర్ ఒలికినా బూడిదరంగు మచ్చ పడుతుంది. అది మురికి కాదు, పులుపు రాయినే తినేసింది. ఎంత కడిగినా పోదు, పాలిష్ పట్టించాల్సిందే. పాలరాయి, షాబాదు బండలు, మొజాయిక్, ఎర్ర రంగేసిన పాత సిమెంటు గచ్చు, అన్నిటికీ ఇదే వరస. అనుమానముంటే స్టవ్ వెనక ఎవరికీ కనిపించని మూల ఒక్క చుక్క నిమ్మరసం వేసి రెండు నిమిషాలు చూడండి. చిన్న బుడగలు లేచినా, తుడిచాక మెరుపు తగ్గినా ఆ రాయికి పులుపు పడదు. అలాంటి గట్టుకూ గచ్చుకూ కుంకుడు నీళ్లు బాగా పనికొస్తాయి. పది కాయలు కొట్టి గింజలు తీసి, అరలీటరు వేడినీళ్లలో నానబెట్టి, పిసికి వడకట్టి, అర బకెట్ నీళ్లలో కలపాలి. బోరు నీళ్లలో సబ్బు విరిగి తెల్లటి పొరలా గచ్చుకు అంటుకుంటుంది, కుంకుడు అలా విరగదు. వడకట్టిన రసం వేసవిలో మర్నాటికే పులిసిపోతుంది గనుక నిల్వ పెట్టకండి.

ఇత్తడి విషయం కాస్త వివరంగా చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసే కంచు, ఇత్తడి సామాను ఇంట్లో ఉన్నవాళ్లకు దసరా నుంచి విజయనగరం సిరిమాను పండగ దాకా ఇదే పని. నిమ్మకాయంత చింతపండును కప్పు వేడినీళ్లలో పావుగంట నానబెట్టి చిక్కటి గుజ్జు తియ్యండి. అందులో ఒక చెంచా మెత్తటి ఉప్పు. కల్లుప్పు వేస్తే పలుకులు గీతలు పెడతాయి. ముందు చెంబు మీది నూనె, కుంకుమ జిడ్డు సబ్బుతో పోవాలి. జిడ్డు పొర ఉంటే పులుపు లోహానికి తగలదు, అక్కడక్కడా నల్ల మచ్చలు మిగిలిపోయేది అందుకే. తర్వాత గుజ్జు పూసి రెండు మూడు నిమిషాలాగి, మెత్తటి కొబ్బరి పీచుతో ఒకే దిక్కుగా రుద్దాలి. స్టీలు పీచు వద్దు. నల్లటి పొర కరిగి గుజ్జు ఆకుపచ్చ గోధుమ రంగుకు తిరుగుతుంది, కింద పసుపు మెరుపు తేలుతుంది. అక్కడితో ఆపి కడిగెయ్యాలి. ఇంకా మెరుస్తుందని గంటసేపు వదిలేస్తే ఇత్తడిలోని జింకును పులుపు లాగేసి రాగి మిగులుతుంది. చెంబు గులాబీ రంగుకు తిరిగిందంటే కారణం ఇదే. అప్పుడు జల్లించిన బూడిదతో ఓపిగ్గా తోమి పై పొర తీసేస్తేనే పసుపు రంగు తిరిగొస్తుంది.

కడిగాక బోరు నీళ్లు ఆరేదాకా వదలొద్దు. వెంటనే పొడిగుడ్డతో తుడిచి, కాసేపు ఎండలో పెట్టి, చివర పొడి విభూతితో ఒక పట్టు పట్టండి. బారువ, కళింగపట్నం లాంటి సముద్రపు ఒడ్డున ఉప్పుగాలికి మెరుపు త్వరగా చస్తుంది. అక్కడ వాడని సామానుకు ఒక చుక్క కొబ్బరినూనె పలచగా రాసి కాగితంలో చుట్టి దాచడమే మార్గం. ఆ ఊళ్లలోనే కిటికీ అద్దాలు పొడిగుడ్డతో తుడిస్తే గాలికొచ్చిన ఇసుక గీతలు పెడుతుంది. ముందు మామూలు నీళ్లు పోసి ఉప్పూ ఇసుకా జారిపోయాక పాత న్యూస్‌పేపర్ ఉండచుట్టి తుడవండి.

వంటింటి జిడ్డుకు వద్దాం. ఎగ్జాస్ట్ ఫ్యాన్ మీద నెలల తరబడి పట్టిన నూనె గట్టిపడి జిగురవుతుంది, నీళ్లకు కదలదు. దాని మీద కాస్త మామూలు నూనె రాసి పది నిమిషాలు వదిలెయ్యండి. పాత జిడ్డు కొత్త నూనెలో మెత్తబడుతుంది. పైన శనగపిండి చల్లితే పీల్చుకుంటుంది, దాన్ని తుడిచేశాక వేడి సబ్బునీళ్లు. స్టీలు జాలీలు, టైల్సు అయితే నేరుగా బట్టల సోడా: లీటరు వేడినీళ్లకు రెండు పెద్ద చెంచాలు, ఇరవై నిమిషాలు నానాలి. చేతికి తొడుగులు వేసుకోవాలి, చర్మం మండుతుంది. అల్యూమినియం రెక్కలకు, గిన్నెలకు ఈ సోడా అసలు తగలనివ్వకండి, నల్లబడి గుంతలు పడతాయి. పాలు మాడిన స్టీలు గిన్నెకు వంటసోడా చాలు. అడుగు మునిగేటన్ని నీళ్లు, రెండు చెంచాల సోడా, పది నిమిషాల మరుగు, చల్లారేదాకా ఓపిక.

తెల్ల ప్లాస్టిక్ డబ్బాకో గుడ్డకో అంటిన పసుపు మరక సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. కంగారు పడి రుద్దకండి, కడిగేస్తే మళ్లీ పసుపే. మిగిలింది రెండు మూడు ఎండలకు దానంతటదే వెలిసిపోతుంది.

గచ్చు తుడిచే నీళ్లలో గుప్పెడు కల్లుప్పు వేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. నమ్మకం సంగతి ఎవరిష్టం వాళ్లది. శుభ్రానికి మాత్రం అది అడ్డమే. నౌపడ ఉప్పు అయినా మరోటైనా, శుద్ధి చెయ్యని కల్లుప్పు గాలిలో తేమను లాగుతుంది, వానాకాలంలో గచ్చు ఆరకుండా జిగటగా ఉంటుంది. వేసినవాళ్లు వెనకే మంచినీళ్లతో ఒకసారి తుడిచెయ్యండి.

ఇక బూజు. అక్టోబరు తుఫాన్ల తర్వాత గోడల మూలల్లో, బీరువా వెనక, ఫ్రిజ్ తలుపు రబ్బరులో నల్ల చుక్కలు కనిపిస్తాయి. పొడి చీపురుతో దులిపితే ఆ పొడి ఇల్లంతా ఎగిరి ఇంకోచోట మొలుస్తుంది. తడిగుడ్డతోనే తియ్యాలి. రబ్బరు మడతలకు వంటసోడా ముద్ద, పాత టూత్‌బ్రష్ సరిపోతాయి. బాత్రూం టైల్సు సందులకు, సున్నం వేసిన తెల్ల గోడకు బ్లీచింగ్: లీటరు నీళ్లకు ఒక పెద్ద చెంచా కలిపి అరగంట కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్లే వాడండి, అడుగున తెల్ల మడ్డి గోడకు పూతలా అంటుకుంటుంది. పది నిమిషాలాగి కడగాలి. రంగు గోడ మీద వెలిసిపోతుంది, స్టీలు మీద గుంతలు పడతాయి, కాబట్టి ఆ రెంటికీ దూరం. ప్యాకెట్ విప్పాక మూతలేని డబ్బాలో వదిలేస్తే తేమకు ఘాటు పోయి ఉత్త సున్నంలా మిగులుతుంది.

బ్లీచింగ్ వాడిన రోజు అదే చోట నిమ్మఉప్పు, వెనిగర్, బాత్రూం యాసిడ్ ఏదీ తగలకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, చిన్న బాత్రూంలో రెండు పీల్పులకే ఊపిరి పట్టేస్తుంది. ఎప్పుడైనా పొరపాటున కలిస్తే కడగాలని అక్కడే నిలబడకండి. తలుపు తెరిచి బయటికి వచ్చేసి, ఘాటు పూర్తిగా పోయాకే లోపలికెళ్లి పుష్కలంగా నీళ్లు కొట్టండి.